‘నువ్వు రాకపోతే అన్నం తినను’ అంటున్న టీచరమ్మకు ఏం చెప్పాలి?

ప్రశ్న:

తిరుపతి నుంచి ఒక గృహిణి పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఆనవాళ్ళు బయటపడకూడదని కోరారు కాబట్టి అవి తీసేసి విషయం మాత్రం క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళు. ఇంట్లో భర్త, తొమ్మిదో తరగతి చదివే కూతురు, అత్తగారు ఉంటారు. ఇంతకుముందు ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేవారు. అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు ఉద్యోగం మానేశారు, మళ్ళీ చేరలేదు. ఏడాది కిందట తెలిసినవాళ్ళు పిలిస్తే ఒక చిన్న బృందంలో చేరారు. ఊళ్ళో ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ళ ఇళ్ళకు వారంలో ఒకటి రెండుసార్లు వెళ్ళి, కాసేపు కూర్చుని మాట్లాడి రావడం వాళ్ళు చేసే సేవ. వంట, వైద్యం, డబ్బు సాయం ఏవీ ఉండవు. తోడుగా ఉండి రావడమే.

ఈమెకు అప్పగించింది బైరాగిపట్టెడలో లిఫ్టు లేని అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఉండే ఒక రిటైర్డ్ తెలుగు టీచరును. వయసు డెబ్బై ఎనిమిది. భర్త పోయి మూడేళ్ళయింది. కొడుకు అమెరికాలో, కూతురు బెంగళూరులో ఉన్నారు. మోకాళ్ళ నొప్పులతో టీచరమ్మ మెట్లు దిగడమే మానేశారు. మొదట్లో అంతా బాగుండేది. బుధవారం, ఆదివారం సాయంత్రాలు ఈమె వెళ్తే టీచరమ్మ చెనిక్కాయలు వేయించి పెట్టి, పద్యాలు చెప్పి, తను పనిచేసిన పల్లె బడుల కబుర్లు చెప్పేవారు.

ఇప్పుడు రోజుకు పది సార్లయినా ఫోన్ చేస్తున్నారు. తీయకపోతే ఏడుపు. “ఇంగా రాలేదేం మే? నువ్వు రాకపోతే నేను అన్నం తినను” అంటున్నారు. నెల కిందట ఒక జత బంగారు గాజులు గుడ్డలో చుట్టి “పాపకు” అంటూ బలవంతంగా ఈమె బ్యాగులో పెట్టేశారు. బ్యాంకులో నామినీగా నీ పేరే రాయిస్తానంటున్నారు. ఏటీఎం కార్డు, పిన్ ఇచ్చి డబ్బు తెమ్మంటే ఈమె కాదనలేక తెచ్చిచ్చారు. చెప్పిందే మళ్ళీ చెప్పడం, తాళాలు బియ్యం డబ్బాలో పెట్టి ఇల్లంతా వెతకడం, పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోవడం కూడా ఈ మధ్య మొదలయ్యాయట.

అమెరికా నుంచి కొడుకు ఫోన్ చేసి, “మీరు రోజూ వెళ్ళి చూసుకోండి, నెలనెలా డబ్బు పంపిస్తాను” అన్నాడు. బెంగళూరు కూతురు మాత్రం “మా అమ్మ గాజులు మీ దగ్గర ఎందుకున్నాయి?” అని అడిగింది. ఇంట్లో భర్త, “మన ఇంట్లోనూ ఒక ముసలామె ఉంది. ఆమె దగ్గర ఎప్పుడన్నా గంటసేపు కూర్చున్నావా?” అన్నారు.

“మానేస్తే ఆమె ఏమైపోతారో అని భయం. కొనసాగిస్తే నా సంసారం ఏమైపోతుందో అని టెన్షన్. మంచి చేద్దామని పోయి దొంగలాగా నిలబడ్డాను. నేనేం చేయాలి?” అని అడిగారు.

సమాధానం:

అమ్మా, ముందు ఆ గాజుల సంగతి తేల్చుకుందాం. మీ నిద్ర పోగొట్టింది అదేనని ఉత్తరం చదువుతుంటేనే తెలుస్తోంది.

మీరు దొంగ కాదు. అయితే ఆ గాజులు మీ ఇంట్లో ఉన్నంతకాలం ఆ మాట మీకు మీరు ఎన్నిసార్లు చెప్పుకున్నా నెమ్మది రాదు. వాటిని తిరిగి ఇచ్చేయాలి. ఈ ఒక్క విషయంలో మీకు రెండో దారి చూపించలేను. టీచరమ్మకు జ్ఞాపకం తడబడుతున్న సమయంలో వచ్చిన కానుక అది. మనసారా ఇచ్చినా సరే, రేపు “గాజులు కనబడటం లేదు” అని ఆవిడే వెతుక్కోవచ్చు. అలాగని ఒక్కరే వెళ్ళి ఆమె చేతిలో పెట్టి వచ్చేయకండి. ఆవిడ వాటిని ఎక్కడో పెట్టి మర్చిపోతే సమస్య మళ్ళీ మొదటికే వస్తుంది. మీ బృందాన్ని నడిపేవారిని వెంటబెట్టుకుని వెళ్ళండి. కూతురిని వీడియో కాల్‌లో ఉంచి, ఆమె చూస్తుండగా బీరువాలో పెట్టించండి.

ఆ కూతురి మీద మీకు కోపం ఉంది. నాకు మాత్రం ఆమె శత్రువులా కనబడటం లేదు. అమ్మ ఒక్కతే ఉంటుంది, ఎవరో కొత్త మనిషి వారంవారం వస్తోంది, అమ్మ చేతి గాజులు ఆ మనిషి దగ్గరున్నాయి. దూరాన ఉన్న ఏ బిడ్డయినా అడిగే ప్రశ్నే అడిగింది. అడిగిన తీరు కటువుగా ఉండి ఉండొచ్చు. ఏడాదిగా మీరు వెళ్తున్నా ఆమెకూ మీకూ ఒక్కసారైనా నిదానంగా మాట నడిచినట్టు మీ ఉత్తరంలో లేదు. ఆ లోటు పూడ్చాల్సింది మీరొక్కరే కాదు, మీ బృందం కూడా. ఒక పెద్దావిడ ఇంటికి మనిషిని పంపేముందే పిల్లలకు ఫోన్ చేసి “ఫలానా మనిషి ఫలానా రోజుల్లో వస్తుంది, డబ్బు, నగలు, సంతకాలు ముట్టుకోదు” అని చెప్పి ఉంటే ఈ రోజు మీకు ఈ అవమానం ఉండేది కాదు. ఇప్పుడైనా ఆ మాట చెప్పించండి.

ఏటీఎం కార్డు ఇక మీ చేతిలోకి రాకూడదు. డబ్బుకు ఇబ్బంది పడుతుందేమో అనుకోకండి. డెబ్బై ఏళ్ళు దాటినవాళ్ళకు ఇంటి దగ్గరికే నగదు తెచ్చిచ్చే సౌకర్యం కల్పించాలని రిజర్వ్ బ్యాంకు 2017లోనే బ్యాంకులకు చెప్పింది. ఆమె ఖాతా ఉన్న బ్రాంచిలో ఆ సౌకర్యం గురించి ఒకసారి కనుక్కోమని కూతురికి చెప్పండి. నామినీ విషయం కూడా వినండి. నామినీ అయినంత మాత్రాన డబ్బు సొంతం కాదు. వారసుల తరఫున దాన్ని తీసుకునే మనిషి మాత్రమే నామినీ. అంటే మీకు దక్కేదేమీ లేదు, రేపు వారసులతో తగువు మాత్రం మిగులుతుంది. “నా పేరు వద్దు టీచరమ్మా, మీ పిల్లల పేర్లు రాయించండి” అని ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు చెప్పండి.

గాజులు వెనక్కిస్తే ఆవిడ నొచ్చుకుంటుంది, నిజమే. జీవితమంతా పిల్లలకు చెప్పిన, ఇచ్చిన మనిషి. ఇప్పుడు అందరూ వచ్చి ఆమెకు చేసిపెట్టేవాళ్ళే గానీ, ఆమె దగ్గర తీసుకునేవాళ్ళు లేరు. బంగారం రూపంలో బయటికొచ్చింది ఆ బాధేనని నాకనిపిస్తోంది. అందుకే గాజులు వద్దన్న నోటితోనే ఇంకేదో అడగండి. మీ పాప తొమ్మిదో తరగతి అన్నారు కదా, తెలుగు వ్యాకరణం, పద్యాలకు ప్రతిపదార్థాలు రాయడం నేర్పమని అడగండి. చెనిక్కాయలు ఎప్పటిలాగే తినండి. ఇంకో గుప్పెడు అడిగి మరీ తినండి.

ఇక ఆ ఫోన్లు. మీరు వీటిని మారాంగా, అతుక్కుపోవడంగా అర్థం చేసుకున్నారు. కొంత అది కావచ్చు. కానీ మీరే రాసిన ఇంకో మాటను దీని పక్కన పెట్టి చూడండి. తాళాలు బియ్యం డబ్బాలో దొరుకుతున్నాయి, పాలు మాడిపోతున్నాయి, చెప్పిందే మళ్ళీ చెబుతోంది. అలాంటి మనిషి రోజుకు పదిసార్లు ఫోన్ చేస్తుంటే, అంతకుముందే చేసినట్టు ఆమెకు గుర్తుందా? ఇవాళ బుధవారం అవునో కాదో తెలుసా? “ఇంగా రాలేదేం మే” అనే మాటలో కోపం లేకపోవచ్చు. రోజు ఏదో తేలక అడుగుతుండవచ్చు.

ఇది మతిమరుపు జబ్బు అని నేనూ చెప్పలేను, మీరూ పేరు పెట్టకండి. బీ12 విటమిన్ తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, చెవుడు వచ్చినా, లోలోపల దిగులు ముదిరినా, వేసుకునే మందులు పడకపోయినా పెద్దవాళ్ళలో ఇలాంటి మరుపు కనిపిస్తుంది. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. అందుకే త్వరగా చూపించాలి. మన ఊళ్ళో స్విమ్స్ ఆస్పత్రిలో న్యూరాలజీ విభాగం ఉంది, రుయా ఆస్పత్రి ఉంది. తీసుకెళ్ళాల్సింది మాత్రం కూతురు లేదా ఆమె నియమించిన మనిషి. మీ వంతు పని ఏమిటంటే, మీరు కళ్ళారా చూసినవి ఏ వారం ఏం జరిగిందో ఒక కాగితం మీద రాసి ఆమెకు పంపడం. పరీక్ష గదిలో పది నిమిషాలు కూర్చున్నప్పుడు టీచరమ్మ గడగడా పద్యం చదివి డాక్టర్నే మెప్పించొచ్చు. పాలు మాడిన సంగతి అక్కడ చెప్పేవాళ్ళు ఉండాలి. ఆమె వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్ళమని కూడా చెప్పండి.

ఈలోగా ఒక పని చేయండి. పెద్ద అక్షరాల క్యాలెండరు ఫోన్ పెట్టే చోట గోడకు తగిలించి, బుధవారం, ఆదివారం గళ్ళలో ఎర్ర స్కెచ్ పెన్నుతో “సాయంత్రం 5 గంటలకు వస్తుంది” అని ఆవిడ చేతే రాయించండి. గడిచిన రోజును కొట్టేసే అలవాటు చేయించండి. బళ్ళో హాజరుపట్టీ రాసిన చేయి కదా, ఇష్టంగానే చేస్తుంది. ఫోన్‌లో మాట్లాడినప్పుడల్లా “గోడ మీద చూడండి టీచరమ్మా, ఏం రాసి ఉంది?” అని అడగండి. గ్యాస్ బదులు, గిన్నె తీస్తే దానంతటదే ఆగిపోయే కరెంటు స్టవ్ పెట్టించమని పిల్లలకు చెప్పండి. తాళం ఇంకొకటి పక్కింట్లో ఉంచమనండి.

“అన్నం తినను” అన్న మాటను బెదిరింపు కిందే తీసేయకండి. ఈసారి వెళ్ళినప్పుడు వంటింట్లోకి ఒకసారి తొంగిచూడండి. నిన్నటి అన్నం అలాగే ఉందా? ఫ్రిజ్‌లో పాలు, పెరుగు తప్ప ఏమైనా ఉన్నాయా? జాకెట్లు వదులైనట్టు కనిపిస్తున్నాయా? ఒక్కరికోసం పొయ్యి వెలిగించబుద్ధి కాక కాఫీతో పూట గడిపేసే పెద్దవాళ్ళు ఎందరో. అదే జరుగుతుంటే మీరు అరగంట ఎక్కువ కూర్చోవడం దానికి మందు కాదు. రెండు పూటలా క్యారియరు రావాలి. మాటల్లో “ఇంక బతికి ఏం లాభం” లాంటివి పదేపదే వస్తుంటే మాత్రం ఆ రోజే కూతురికి చెప్పండి. అలాంటి సమయంలో ఏం చేయాలో మీకు తోచకపోతే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు మీరే ఫోన్ చేసి అడగవచ్చు. పెద్దవాళ్ళ సమస్యలకు ఎల్డర్ లైన్ 14567 ఉంది. రెండూ ఉచితమే.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి.

రోజుకు అరవై, డెబ్బై వేల మంది దర్శనానికి వచ్చే ఊరు మనది. స్వామి పాదాల దగ్గర శేషజీవితం గడుపుదామని ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఫ్లాట్లు కొనుక్కున్న పెద్దవాళ్ళు ఇక్కడ చాలామంది. వాళ్ళ ఇళ్ళకు చుట్టాలు రాకేం, వస్తారు. సామాన్లు పెట్టి కొండెక్కుతారు, దిగొచ్చి ఒక లడ్డు చేతిలో పెట్టి రైలెక్కుతారు. “మీకేం, ఎప్పుడూ ఇంటినిండా జనం” అని బయటివాళ్ళు అంటారు. ఆ జనంలో ఒక్కరూ “మోకాలు ఎట్లుంది?” అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా కూర్చోరు. మీరు కూర్చున్నారు. టీచరమ్మ మిమ్మల్ని ఎందుకు వదలలేకపోతోందో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు.

మరి మీరెందుకు ఆమెకు వద్దని చెప్పలేకపోతున్నారు? జాలి ఒక్కటే కాదనుకుంటాను. ఉద్యోగం మానేసిన సంగతి మీ అంత పెద్ద ఉత్తరంలో ఒక్క వాక్యంలో ముగించారు. టీచరమ్మ ఇంట్లో గడిపిన సాయంత్రాల గురించి మాత్రం ఒక పేజీ రాశారు. అక్కడ మిమ్మల్ని కోడలిగానో, పాప అమ్మగానో కాకుండా, పాఠాలు చెప్పగల మనిషిగా చూసేవాళ్ళు ఒకరు దొరికారు. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం బాధిస్తోంది. అందులో కుర్రవాళ్ళు కూడా ఎక్కువగానే ఉన్నారు. ఇంట్లో నలుగురున్నా ఒంటరితనం ఉండొచ్చు. ఆ గదిలో ఇద్దరికీ తోడు దొరికింది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కాకపోతే మీకు కావలసిందంతా కూడా ఆ ఒక్క ఇంట్లోనే వెతుక్కుంటే, హద్దు గీయాల్సి వచ్చినప్పుడల్లా మీ చేయే వెనక్కి పోతుంది. మళ్ళీ ఉద్యోగం సంగతి ఆలోచించారా? అరపూట పనైనా, ఇంటి దగ్గర ట్యూషన్ అయినా. ఇది టీచరమ్మ కోసం చెప్పడం లేదు, మీ కోసం అడుగుతున్నాను.

మీవారి మాట దగ్గరికి వస్తాను. ఆ మాట మిమ్మల్ని గుచ్చింది, ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది. బయటి పెద్దావిడ దగ్గర కూర్చోవడం సులువు. ఆమెకూ మీకూ మధ్య పాత లెక్కలు లేవు. ఏడింటికి లేచి వచ్చేయొచ్చు. అత్తగారి దగ్గర కూర్చుంటే పెళ్ళినాటి మాటల నుంచి ఈ రోజు పులుసులో ఉప్పు దాకా అన్నీ మీ ఇద్దరి మధ్యా కూర్చుంటాయి. పైగా ఆమె ఆపరేషన్ కోసమే మీరు ఉద్యోగం వదిలారు. ఆ విషయం ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా నోరు తెరిచి గుర్తించారా? మీరు రాయలేదు. గుర్తించకపోతే ఆ బరువు మీరు ఒక్కరే మోస్తున్నారు.

అలాగే ఆవిడ వైపు నుంచి కూడా చూడండి. మోకాలి ఆపరేషన్ తర్వాత ఆమె కూడా ఇరుగుపొరుగు గడపలకు వెళ్ళడం తగ్గిపోయి ఉంటుంది. కోడలు తయారై ఇంకో ముసలామెకు తోడు ఇవ్వడానికి వెళ్తుంటే గుమ్మంలో కూర్చుని చూస్తూ ఉంటుంది. ఆమె నోరు తెరిచి అడగదు, కొడుకు నోటి నుంచి వస్తుంది.

దీనికి కొన్ని దారులున్నాయి. ఒకటి, అత్తగారికీ వారంలో ఒక సాయంత్రం కేటాయించడం. ఇది బాగానే ఉంటుంది కానీ, మొక్కుబడిగా చేస్తే ఆమెకు వెంటనే తెలిసిపోతుంది. ఊరికే ఎదురుగా కూర్చోవడం కంటే ఇద్దరూ కలిసి ఏదైనా చేయండి. ఆమెకు వచ్చిన ఊరుబిండి ఎలా నూరాలో చెప్పమని రోటి దగ్గర కూర్చోబెట్టండి. రెండోది, ఆమెను కూడా ఒకసారి టీచరమ్మ ఇంటికి తీసుకెళ్ళడం. ఇద్దరికీ మాట కలిస్తే మీ సగం బరువు తీరిపోతుంది. కలవకపోవచ్చు కూడా. ఒకామె పద్యాలంటే ఇంకొకామె సీరియల్ అనవచ్చు. మీ కోడలు ఇంత మంచిదని టీచరమ్మ పదేపదే పొగిడితే మీ అత్తగారి మొహం మాడిపోవచ్చు. రెండంతస్తుల మెట్లు ఆమె మోకాలికి పడతాయో లేదో కూడా చూసుకోవాలి. అన్నీ ఆలోచించి మీరే నిర్ణయించుకోండి. మూడోది మీవారితో మాట్లాడటం. “నువ్వన్నది నిజమే, అత్తమ్మ దగ్గర కూర్చుంటాను. కానీ ఆమె నీకు అమ్మ. ఆదివారం సాయంత్రం నేను వెళ్ళిన రెండు గంటలు నువ్వు ఆమె దగ్గర కూర్చో” అని చెప్పండి. పోట్లాటగా కాదు, పాప పడుకున్నాక నెమ్మదిగా. తల్లి దగ్గర కూర్చోవడం కోడలి పని మాత్రమే అని ఆయన అనుకుంటుంటే, ఆ మాట ఎప్పుడో ఒకసారి కదపాల్సిందే.

ఇప్పుడు అసలు ప్రశ్న. మానేయాలా, ఉండాలా?

పూర్తిగా మానేయొచ్చు. మీకు ఆ హక్కు ఉంది. స్వచ్ఛందంగా మొదలుపెట్టినది స్వచ్ఛందంగా ఆపవచ్చు. కానీ ఫోన్ ఎత్తడం మానేసి మాయమైపోతే ఆమెకు అది ఇంకో చావులాంటిదే. మూడేళ్ళ కిందటే ఒకరిని పోగొట్టుకున్న మనిషి. మానేయాలనుకుంటే రెండు నెలలు పెట్టుకోండి. మీ బృందం నుంచి ఇంకొకరిని వెంటబెట్టుకెళ్ళి, కొన్ని వారాలు ముగ్గురూ కూర్చోండి. తర్వాత ఆమె వారంలో ఒకసారి, మీరు ఒకసారి వెళ్ళండి. చివరికి “ఇక నుంచి ఈ అమ్మాయి వస్తుంది, నేను పండగలకు వస్తా” అని ఎదురుగా చెప్పి రండి. ఆమె ఏడుస్తుంది. ఏడవనివ్వండి, కూర్చోండి.

ఇప్పుడున్నట్టే కొనసాగించడం ఇంకో దారి. దీని గతి ఏమవుతుందో మీకు ఇప్పటికే కనిపిస్తోంది. ఫోన్లు పెరుగుతాయి, మీకు విసుగు పెరుగుతుంది, ఒకరోజు మీ నోటి నుంచి ఒక కటువైన మాట జారుతుంది. ఆ తర్వాత ఇద్దరూ బాధపడతారు.

కొడుకు ఇస్తానన్న డబ్బు తీసుకుని రోజూ వెళ్ళడం మూడో దారి. పెద్దవాళ్ళను చూసుకుని జీతం తీసుకోవడం గౌరవమైన పనే, మీ ఇంటికి ఆ డబ్బు అవసరమైతే దాన్ని తీసిపారేయకండి. కాకపోతే ఆ రోజు నుంచి మీరు స్నేహితురాలు కారు, బాధ్యత ఉన్న మనిషి. ఆమె స్నానాల గదిలో జారితే మీరెక్కడున్నారని అడుగుతారు. సెలవు కావాలంటే చెప్పి తీసుకోవాలి. బృందంలోంచి తప్పుకోవాలి, టీచరమ్మకూ ఆ సంగతి దాచకూడదు. “డబ్బుకే వస్తోందా” అని ఒక్కసారి ఆమె మనసులో పడితే ఆ పాత సాయంత్రాలు ఇక తిరిగి రావు. ఆ అబ్బాయికి ఇంకో మాట చెప్పి చూడొచ్చు: “మీరు పంపుదామనుకున్న డబ్బుతో పగటిపూట పనిమనిషిని పెట్టండి, నేను ఎప్పటిలాగే వస్తాను.” కొత్త మనిషిని టీచరమ్మ మొదట ఇంట్లోకి రానివ్వకపోవచ్చు. మొదటి వారం మీరు ఉన్నప్పుడే ఆమె వచ్చేలా చూస్తే కాస్త అలవాటు పడుతుంది.

నేను మీ స్థానంలో ఉంటే హద్దులు పెట్టుకుని కొనసాగేదాన్ని. ఇది నా మొగ్గు మాత్రమే, ఆజ్ఞ కాదు. 1953లో లండన్‌లో చాడ్ వరా అనే మతాచార్యుడు, చనిపోవాలనిపించేంత బాధలో ఉన్నవాళ్ళతో మాట్లాడటానికి సమారిటన్స్ సంస్థ మొదలుపెట్టాడు. ఆయన్ను కలవడానికి వచ్చినవాళ్ళు బయట గదిలో వాలంటీర్లతో టీ తాగుతూ మాట్లాడాక, చాలామంది లోపలికి వెళ్ళాల్సిన అవసరమే లేకుండా తేలికపడి వెళ్ళిపోయేవారట. డిగ్రీలు లేని మామూలు మనుషులు ఓపిగ్గా వినడానికి అంత బలం ఉంది. మన పక్కన చెన్నైలో 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ ఇలాంటి పనికే స్థాపించిన స్నేహ సంస్థ కూడా వాలంటీర్లతోనే నడుస్తోంది. వినడం ఇంత గొప్పదని తెలిసినవాళ్ళే దానికి వేళలు పెట్టుకున్నారు. వంతులవారీగా కూర్చుంటారు. ఒక మనిషి భారమంతా ఒక్క వాలంటీరు నెత్తిన పడనివ్వరు. ప్రేమ తక్కువై కాదు, ఏళ్ళ తరబడి చేయగలగాలని.

మీ విషయంలో అది ఇలా ఉండొచ్చు. వెళ్ళే రోజులు బుధ, ఆదివారాలే. ఫోన్ మీరే చేయండి, పొద్దున పదింటికి, రాత్రి ఏడింటికి, ఐదేసి నిమిషాలు. ఆమె చేసేదాకా ఎదురుచూడకుండా మీరే చేస్తే, రోజంతా ఎదురుచూడాల్సిన ఆదుర్దా ఆమెకు తగ్గుతుంది. మధ్యలో వచ్చిన ఫోన్లు ఎత్తొద్దు. అయితే నిజంగా ఒంట్లో బాగాలేకపోతే ఎవరికి చేయాలో తేల్చి పెట్టాలి. పక్కింటివాళ్ళు, కూతురు, 108 నంబర్లు క్యాలెండరు కిందే పెద్దగా రాసి ఉంచండి. మొదటి రెండు మూడు వారాలు కష్టంగా ఉంటుంది. ఏడుపు విని నాలుగోసారి ఎత్తేస్తే, నాలుగుసార్లు చేస్తే ఎత్తుతుందని ఆమెకు అలవాటైపోతుంది. ఆమెకు చెప్పేటప్పుడు మీ కష్టాలు ఏకరువు పెట్టకండి, నేరం మోపినట్టు ఉంటుంది. “టీచరమ్మా, నేను ఎక్కడికీ పోను. బుధవారం, ఆదివారం తప్పకుండా వస్తా. మిగతా రోజులు పాప చదువు, ఇల్లు చూసుకోవాలి. పొద్దున, రాత్రి నేనే ఫోన్ చేస్తా” అంటే చాలు. రేపటికి మర్చిపోయినా విసుక్కోకుండా మళ్ళీ అవే మాటలు చెప్పండి.

వెళ్ళిన రెండు రోజుల్లో ఒక రోజునైనా ఆమెకూ ఇంకొకరికీ మధ్య దారి వేయడానికి వాడండి. ఆ అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పిల్లలు ఉన్నారా? సాయంత్రం వేళ ఓ అరగంట వాళ్ళకు తెలుగు రాయించమని అడగండి. కింది అంతస్తులో ఎవరికైనా ఆమెలాగే మోకాళ్ళ నొప్పులా? వాళ్ళే పైకి రాగలరేమో కనుక్కోండి. డాక్టరు సరేనంటే, నెలకొకసారి ఆటోలో ప్రకాశం పార్కుకో, అన్నమాచార్య కళామందిరంలో సంకీర్తనలకో తీసుకెళ్ళొచ్చు. మెట్లు దిగడానికి ఇద్దరు పట్టుకోవాలి కాబట్టి ఇది మీరొక్కరే చేయకండి. ఆమె పాత విద్యార్థులు ఈ జిల్లాలో ఎంతమంది ఉండి ఉంటారో! ఒకరిద్దరి పేర్లు ఆమెనే అడగండి. పాత సంగతులు బాగానే గుర్తుంటాయి. వాళ్ళలో ఒక్కరు దొరికినా, మీరు ఏడాదిగా ఇచ్చినదానికంటే ఎక్కువ ఇవ్వగలరు, ఎందుకంటే వాళ్ళకు ఆమె టీచరుగా తెలుసు.

వీటిలో కొన్ని కుదరవు. వాచ్‌మన్ పిల్లలు నాలుగు రోజులు వచ్చి మానేయొచ్చు. కూతురు ఆమెను బెంగళూరు తీసుకెళ్ళిపోవాలని కూడా అనుకోవచ్చు. అది ఆమెకు మంచిదో కాదో మీరు తేల్చాల్సిన విషయం కాదు. టీచరమ్మ ఇష్టం ఏమిటో మాత్రం, ఆమె మీతో ఏమన్నదో ఉన్నదున్నట్టు కూతురికి చెప్పండి.

వచ్చే బుధవారం లోపల బృందం నడిపేవారికి ఫోన్ చేసి ఈ ఉత్తరంలోని సంగతులన్నీ చెప్పండి, ముఖ్యంగా ఏటీఎం మాట దాచకండి. ఏ తేదీన ఎంత తీశారో, ఎవరి చేతికిచ్చారో గుర్తున్నంత వరకు రాసివ్వండి. గాజులు ఇచ్చే రోజు వాటిని ఫొటో తీసి, “ఈ రోజు మీ అమ్మగారి బీరువాలో పెట్టాం” అని కూతురికి మెసేజ్ పంపండి. ఆమె జవాబు కటువుగా ఉన్నా సరే, మీరు వాదనకు దిగకుండా డాక్టరు దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్దాం అన్న మాటే అడగండి.